మాలిక్యూల్ దొరికింది సరే, కణంలోకి వెళ్లేదెలా?

ఎమ్మెస్సీ_రెండోఏడు
అందరికీ నమస్కారం. చదువు అయ్యాక రీసెర్చికి వెళ్దామని ఉంది, మెడిసినల్ కెమిస్ట్రీ వైపా, బయోటెక్ వైపా, మెటీరియల్స్ వైపా అన్నది తేలడం లేదు. ఈ మధ్య వార్తలు చూస్తే ఒకపక్క ఏఐ డిజైన్ చేసిన యాంటీబయాటిక్స్, ఇంకోపక్క ఒకే ఒక్క పసిబిడ్డ కోసం తయారుచేసిన జీన్ ఎడిటింగ్ మందు, ఇవి చాలవన్నట్టు 2025 కెమిస్ట్రీ నోబెల్ మోఫ్‌లకు, అంటే లోహ అయాన్లూ ఆర్గానిక్ మాలిక్యూల్సూ కలిపి కట్టిన రంధ్రాల కట్టడాలకు వచ్చింది, వాటి రంధ్రాల్లో మందు నింపి పంపుతామంటున్నారు. అన్నీ గొప్పగానే ఉన్నాయి. కానీ నేను చదివిన పేపర్లలో చాలావరకు ఎలుకల దగ్గరే ఆగిపోయాయి. అసలు పని ఎక్కడ ఆగుతోంది? ల్యాబుల్లో ఉన్నవాళ్లు చెప్పండి. అన్నీ ముఖ్యమే అనే జవాబు మాత్రం వద్దండీ, దయచేసి.

బెంజీన్‌రింగు
మందు చేరాల్సిన చోటికి చేరకపోవడం దగ్గర ఆగుతోంది. నా జవాబు ఇదే, మీరు చెప్పిన మూడు రంగాలకూ ఇదే.

టెస్ట్‌ట్యూబులో ఎంజైమ్‌ని ఆపే మాలిక్యూల్స్ బోలెడు దొరుకుతాయి. అదే ఎంజైమ్ బతికున్న బ్యాక్టీరియా లోపల ఉందనుకోండి, మందు దాని దాకా వెళ్లనే వెళ్లదు. గ్లాక్సోస్మిత్‌క్లైన్ వాళ్లు 1995 నుంచి 2001 దాకా యాంటీబయాటిక్స్ కోసం 70 పెద్ద స్క్రీనింగులు చేస్తే చేతికి వచ్చినవి 5 లీడ్‌లు, అంటే మందుగా మలచడానికి పనికొచ్చే మాలిక్యూల్స్. 2007లో వాళ్లే ఆ లెక్కంతా పేపర్‌గా వేశారు. అంత పెద్ద కంపెనీ తన వైఫల్యాన్ని దాచుకోకుండా రాసిందంటే అది మనలాంటివాళ్లకి చేసిన మేలు. మీరింకా చదవకపోతే ముందు అది చదవండి.

ముఖ్యంగా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాతోనే బాధంతా. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ లాంటివి. వీటికి రెండు పొరలు. బయటి పొర పైభాగం నిండా లిపోపాలీశాకరైడ్, జిడ్డు స్వభావం ఉన్న మందుల్ని అది రానివ్వదు. పోరిన్లు అనే సన్నటి ప్రొటీన్ రంధ్రాలు ఉంటాయి గానీ ఈ.కోలైలో దాదాపు 600 డాల్టన్లు (మాలిక్యూల్ బరువుకి కొలత) దాటిన మాలిక్యూల్ వాటిలో పట్టదు, పైగా నీటిలో కరిగే, ఛార్జ్ ఉన్న మాలిక్యూల్స్ అయితేనే సులువుగా వెళ్తాయి. సరే వెళ్లింది, లోపలి పొర ఉంది, దాన్ని దాటాలంటే మళ్లీ కాస్త జిడ్డు స్వభావం కావాలి. ఒకే మాలిక్యూల్‌లో ఈ రెండూ కుదరాలి. వ్యాంకోమైసిన్ ఎంత మంచి మందైనా దాదాపు 1450 డాల్టన్లు, అందుకే గ్రామ్ నెగటివ్‌ల మీద పనికిరాదు.

పెట్రీడిష్
పైన చెప్పినదానికి ఒకటి కలపాలి. లోపలికి వెళ్లడం సగం కథే, వెళ్లింది లోపల ఉండాలి కదా. ఎఫ్లక్స్ పంపులు ఉంటాయి, ఈ.కోలైలో ఏసీఆర్ఏబీ-టోల్‌సీ అన్నది బాగా తెలిసిన పంపు, వచ్చినదాన్ని వచ్చినట్టు బయటికి తోసేస్తుంది. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ మంచి ఉదాహరణ. ఈ.కోలైలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద అది పనిచేయగలదు, కానీ మామూలు ఈ.కోలై దానికి చావదు. టోల్‌సీ జీన్ తీసేసిన స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) అయితే చస్తుంది. అంటే మందులో లోపం లేదు, బ్యాక్టీరియా దాన్ని నిలవనివ్వడం లేదంతే.

ఎమ్మెస్సీ గారూ, పేపర్ చదివేటప్పుడు ముందు స్ట్రెయిన్ పేరు చూడండి. అబ్‌స్ట్రాక్టులో ఈ.కోలై మీద పనిచేసింది అని ఉంటుంది, మెథడ్స్‌లోకి వెళ్తే అది టోల్‌సీ తీసేసిన స్ట్రెయినో, బయటి పొర దెబ్బతిన్న మ్యూటెంటో అయి ఉంటుంది. అది మోసం కాదు, మందు ఎలా పనిచేస్తుందో తేల్చడానికి అలాంటి స్ట్రెయిన్లు అవసరమే. కాకపోతే రోగి ఒంట్లో ఉండేది ఆ స్ట్రెయిన్ కాదు.

కోడ్‌గణితం
ఏఐ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2020లో ఎంఐటీ వాళ్లు ఏఐతో హాలిసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టినప్పుడు మోడల్‌కి నేర్పింది 2,335 మాలిక్యూల్స్‌తోనే, టార్గెట్ ఏమిటో, అంటే బ్యాక్టీరియాలో మందు దేనిమీద పనిచేయాలో కూడా చెప్పలేదు. ఈ.కోలై పెరుగుదల ఆగిందా లేదా అన్నదొక్కటే డేటా. అంటే లోపలికి వెళ్లడం, నిలవడం, చంపడం అన్నీ ఆ ఒక్క జవాబులోనే కలిసి ఉన్నాయి. మీరు విడివిడిగా బాధపడుతున్నవన్నీ మోడల్ ఒకేసారి నేర్చుకుంటోంది. 2023లో అబౌసిన్ కూడా అదే దారిలో, అసినెటోబ్యాక్టర్ బౌమానియై మీద వచ్చింది. 2025 ఆగస్టులో అయితే అదే గ్రూపు జెనరేటివ్ మోడల్స్‌తో 3.6 కోట్లకు పైగా ఊహా మాలిక్యూల్స్ తయారుచేసి జల్లెడ పట్టింది, గనేరియా మీద ఒకటి, ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) మీద ఒకటి, రెండు మంచివి దొరికాయి. ఇంత వేగం పాత పద్ధతిలో కలలో కూడా రాదు.

బెంజీన్‌రింగు
వేగం విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ ఆ 2025 పనిలోనే ఇంకో సంఖ్య ఉంది, దాన్ని చూడండి. గనేరియా కోసం చివరికి 80 మాలిక్యూల్స్ ఎంచి, ఇవి తయారుచేయగలరా అని సింథసిస్ చేసిపెట్టేవాళ్లని అడిగితే కుదిరినవి రెండే రెండు. ఆ రెండింట్లో ఒకటి, ఎన్‌జీ1, బాగా పనిచేసింది, అది నిజంగా గొప్ప ఫలితం. మిగతా 78 కాగితం మీదే ఉండిపోయాయి. వాటిలో ఇంకా మంచిది ఉందో లేదో మనకి ఎప్పటికీ తెలియకపోవచ్చు. కెమిస్టుగా నాకు అక్కడ మనసు ఆగిపోతుంది, ఎందుకంటే అది మేం చేయాల్సిన పని.

కోడ్‌గణితం
అందుకే ఇప్పుడు తయారుచేయడానికి వీలయ్యే మాలిక్యూల్స్‌నే ప్రతిపాదించే మోడల్స్ మీద పని నడుస్తోంది, ముందే ఉన్న బిల్డింగ్ బ్లాకులూ తెలిసిన రియాక్షన్లూ మాత్రమే వాడేలాగ. ఆ 78 సమస్య శాశ్వతం కాదు.

బెంజీన్‌రింగు
ఒప్పుకుంటాను. అయితే లోపలికి వెళ్లే గుణం గురించి మోడల్‌కి నేర్పాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని కొలవాలి కదా. 2017లో ఇలినాయ్‌లో పాల్ హెర్గెన్‌రోథర్ గ్రూపు చేసింది అదే. వందకు పైగా కాంపౌండ్లు తీసుకుని ఒక్కొక్కటీ ఈ.కోలై లోపల ఎంత చేరిందో మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచారు. చంపిందా లేదా అని చూడలేదు, చేరిందా లేదా అనే చూశారు. దాంట్లోంచి కొన్ని సూత్రాలు తేలాయి: ప్రైమరీ అమీన్ (ఎన్‌హెచ్2 గ్రూపు) ఉండాలి, మాలిక్యూల్ బంతిలా కాకుండా చదునుగా ఉండాలి, అటూ ఇటూ తిరిగే బాండ్లు తక్కువ ఉండాలి. ఆ సూత్రాలతో అంతకుముందు బయటి పొర లేని గ్రామ్ పాజిటివ్‌ల మీదే పనిచేసే డీఆక్సీనైబోమైసిన్‌కి సరైన చోట ఒక అమీన్ తగిలిస్తే అది గ్రామ్ నెగటివ్‌ల మీదా పనిచేసింది. తర్వాత డెబియో-1452 అనే ఇంకో కాంపౌండ్ మీదా ఇలాగే చేసి చూపించారు.

నాకు ఈ పని అంటే చెప్పలేనంత ఇష్టం. కొత్త టార్గెట్ లేదు, కొత్త మెషీన్ లేదు, అందరూ ఊహతో మాట్లాడుతున్న విషయాన్ని ఓపికగా కొలిచారు, అంతే. అదే గ్రూపు 2024లో లోలమైసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చింది. లిపోప్రొటీన్లని బయటి పొరకి పంపే లోల్ వ్యవస్థని అది ఆపుతుంది. గ్రామ్ నెగటివ్ రోగకారకాల్ని చంపుతూ ఎలుకల పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని పెద్దగా ముట్టుకోలేదు.

లిపిడ్‌డ్రాప్
యాంటీబయాటిక్స్ దగ్గరే ఉండిపోయారు. ఎమ్మెస్సీ గారు జీన్ ఎడిటింగ్ కూడా అడిగారు, అక్కడ ఇదే సమస్య ఇంకా నిలువెత్తున కనిపిస్తుంది.

ఆ బిడ్డది సీపీఎస్1 లోపం, అంటే లివర్‌లో అమోనియాని యూరియాగా మార్చే దారిలో మొదటి ఎంజైమ్ పనిచేయదు. 2025 మే నెలలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి, పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు ఆ బిడ్డ మ్యుటేషన్‌కి సరిపోయే బేస్ ఎడిటర్‌ని (డీఎన్‌ఏలో ఒక్క అక్షరాన్ని మార్చే సాధనం) దాదాపు ఆరు నెలల్లో సిద్ధం చేశారు. అందరూ ఆ ఎడిటర్ గురించే మాట్లాడారు. నన్నడిగితే అది సాధ్యమైంది జబ్బు లివర్‌లో ఉండబట్టి. ఎడిటర్‌ని మోసుకెళ్లే లిపిడ్ నానోపార్టికల్స్, అంటే అతి చిన్న కొవ్వు ఉండలు, రక్తంలోకి వెళ్లగానే వాటి మీద అపోఈ అనే ప్రొటీన్ పేరుకుంటుంది, లివర్ కణాలు దాన్ని గుర్తుపట్టి లోపలికి లాక్కుంటాయి. మనం పంపక్కర్లేదు, వాటంతట అవే అక్కడికి పోతాయి. 2018లో అనుమతి వచ్చిన పాటిసిరాన్ అనే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందు (జీన్‌ని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) కూడా ఈ దారిలోనే వెళ్లింది.

ఇంకో మంచి సంగతి, జీన్‌ని మోయడానికి వాడే వైరస్ వెక్టర్లని ఒకసారి ఇస్తే ఒంట్లో యాంటీబాడీలు వచ్చి రెండో డోసు కష్టమవుతుంది, లిపిడ్ నానోపార్టికల్స్‌తో ఆ అడ్డు అంతగా ఉండదు కాబట్టి ఆ బిడ్డకి మళ్లీ డోసులు ఇవ్వగలిగారు.

జబ్బు ఎముక మజ్జలో ఉంటే? 2023లో సికిల్ సెల్‌కి అనుమతి వచ్చిన క్రిస్పర్ చికిత్స, క్యాస్‌జెవీ, చూడండి. మజ్జలోకి ఎడిటర్‌ని పంపే దారి లేక రోగి మూలకణాల్ని బయటికి తీసి, ల్యాబులో ఎడిట్ చేసి, ఈలోగా రోగికి కీమోతో మజ్జ ఖాళీ చేసి, మళ్లీ ఎక్కిస్తారు. ఆ కష్టమంతా, ఆ నెలల తరబడి ఆసుపత్రి అంతా, చేర్చే దారి లేకపోవడం వల్లే.

ఎమ్మెస్సీ_రెండోఏడు
ఇది నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఒక ప్రశ్న. కణం లాక్కున్నాక ఇక సమస్య లేనట్టేనా?

లిపిడ్‌డ్రాప్
లేనట్టు కాదు, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. లాక్కున్న పార్టికల్ ఎండోజోమ్ అనే సంచిలో ఇరుక్కుంటుంది. అందులోంచి బయటపడి సైటోప్లాజంలోకి రావాలి, రాకపోతే లైజోజోమ్‌లో పడి అరిగిపోతుంది. 2013లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి లెక్కేస్తే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలో 1 నుంచి 2 శాతమే బయటికొస్తోందని తేలింది. మనం ఇచ్చే మందులో దాదాపు అంతా వృథా అన్నమాట, ఆ కొద్దిపాటితోనే ఇన్ని అద్భుతాలు జరుగుతున్నాయి. దాన్ని పది శాతం చేయగలిగితే డోసు ఎంత తగ్గుతుందో, సైడ్ ఎఫెక్ట్స్ ఎంత తగ్గుతాయో ఊహించండి.

ఇక్కడ పని చేసేది అయనైజబుల్ లిపిడ్. రక్తం పీహెచ్ దగ్గర ఛార్జ్ లేకుండా ఉంటుంది, ఎండోజోమ్ ఆమ్లంలో ప్రోటాన్ పట్టుకుని పాజిటివ్ అవుతుంది, అప్పుడు ఎండోజోమ్ పొరని చెదరగొడుతుంది. పాటిసిరాన్‌లో వాడిన ఎంసీ3 అనే లిపిడ్ పీకేఏ, అంటే సగం మాలిక్యూల్స్ ప్రోటాన్ పట్టుకునే పీహెచ్, 6.44. కొంచెం అటూ ఇటూ అయినా పని పడిపోతుంది. ఆ అంకె కోసం ఎన్నో లిపిడ్లు చేసి, పరీక్షించి, పక్కనపెట్టారు. ఇదంతా శుద్ధ ఆర్గానిక్ కెమిస్ట్రీ అండీ, బయోటెక్ అని పేరు పెట్టుకున్నాం గానీ.

లివర్ దాటే ప్రయత్నాలూ బాగానే ఉన్నాయి. 2020లో టెక్సస్‌లో డేనియల్ సీగ్‌వార్ట్ గ్రూపు, మామూలు నాలుగు లిపిడ్లకి ఐదోది కలిపితే ఎలుకల్లో పార్టికల్ దారి మారుతుందని చూపించింది. ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండే లిపిడ్ కలిపితే ఊపిరితిత్తులకి, నెగటివ్‌ది కలిపితే ప్లీహానికి. 2025 జూన్‌లో సైన్స్‌లో వచ్చిన పనిలో పార్టికల్ మీద టీ కణాల్ని గుర్తుపట్టే సీడీ8 యాంటీబాడీ తగిలించి, టీ కణాల్ని బయటికి తీయకుండానే ఒంట్లోనే కార్-టీ కణాలుగా (ఎంచిన కణాల్ని వెతికి చంపేలా మార్చిన టీ కణాలు) మార్చారు, కోతుల్లో కూడా చూశారు. నేను ఇప్పుడు ఆశగా చూస్తున్నది దీనివైపే.

జెల్‌పని
మెటీరియల్స్ వైపు నుంచి నేను మాట్లాడతాను. మోఫ్‌ల మీద ఆశ పెట్టుకునేవాళ్లు నిరుత్సాహపడకుండా వినండి.

కిటగావా, రాబ్సన్, యాఘీలకి నోబెల్ వచ్చింది లోహ అయాన్లనీ ఆర్గానిక్ లింకర్లనీ కలిపి రంధ్రాల కట్టడాలు కట్టినందుకు. మందు పట్టే సామర్థ్యం నిజంగానే విపరీతం, 2006లోనే ఎంఐఎల్-101 అనే మోఫ్ ఒక గ్రాముకి దాదాపు 1.4 గ్రాముల ఐబుప్రొఫెన్ పట్టిందని చూపించారు. తన బరువు కంటే ఎక్కువ మందు! కానీ ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుంది? రక్తంలో ఫాస్ఫేట్ ఉంటుంది. లోహానికి ఫాస్ఫేట్ అంటే మహా ఇష్టం, కార్బాక్సిలేట్ లింకర్‌ని నెట్టేసి తను కూర్చుంటుంది. యూఐఓ-66 అనే మోఫ్ నీళ్లలో రాయిలా నిలబడుతుంది, అదే ఫాస్ఫేట్ బఫర్‌లో విడిపోవడం మొదలెడుతుంది. అందుకే నేను మోఫ్ డ్రగ్ డెలివరీ పేపర్ తెరవగానే స్టెబిలిటీ దేంట్లో చేశారో చూస్తాను. నీళ్లలోనే చేసి ఊరుకుంటే ఆ పేపర్ పక్కనపెట్టేస్తాను. కఠినంగా అనిపించొచ్చు, కానీ నా సమయం నాకు విలువైనది.

రెండోది ప్రొటీన్ కరోనా. ఏ నానోపార్టికల్ అయినా రక్తంలో పడగానే ప్రొటీన్లు దాన్ని కప్పేస్తాయి. లిపిడ్‌డ్రాప్ గారికి అపోఈ రూపంలో అదే కలిసొచ్చింది, మాకు మాత్రం చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ తగిలించి ఎంతో జాగ్రత్తగా గురిపెట్టిన పార్టికల్స్ సీరంలో ఆ గురి కోల్పోతాయని 2013లోనే చూపించారు. 2016లో టొరంటోలో వారెన్ చాన్ గ్రూపు పదేళ్ల పేపర్లన్నీ కలిపి చూస్తే, ఎక్కించిన నానోపార్టికల్స్‌లో ట్యూమర్‌కి చేరింది మీడియన్ లెక్కలో (ఫలితాలన్నీ వరుసలో పెడితే మధ్యది) 0.7 శాతం. ఆ అంకె మీద గొడవలు జరిగాయి, కొలిచే పద్ధతి సరికాదన్నవాళ్లూ ఉన్నారు. కానీ దాన్ని ముందు పెట్టుకునే మాట్లాడాల్సి వస్తోంది ఇప్పుడు అందరూ, అది మంచిదే.

మోఫ్‌లు పనికిరావని కాదు నేను చెప్పేది. రక్తంలో ఊరంతా తిప్పకుండా నేరుగా గడ్డలోకే ఇంజెక్ట్ చేస్తే? హాఫ్నియం మోఫ్‌ని అలాగే ట్యూమర్‌లోకి ఎక్కించి రేడియేషన్ ప్రభావం పెంచే ప్రయత్నం, షికాగోలో వెన్‌బిన్ లిన్ పని, మనుషులపై పరీక్షల దాకా వెళ్లింది. దారి కష్టమైతే దారి తగ్గించుకోవాలి.

వార్డుడ్యూటీ
నేను ల్యాబ్ మనిషిని కాదు, రోగుల దగ్గర ఉండే డాక్టర్‌ని. మీ మాటలన్నీ ఆసక్తిగా చదివాను. మీలో ఎవరూ సెఫిడెరోకాల్ అనే యాంటీబయాటిక్ పేరు ఎత్తలేదు, అది ఈ చర్చకి సరిగ్గా సరిపోతుంది. బ్యాక్టీరియాకి ఇనుము కావాలి, అందుకోసం అవి సిడెరోఫోర్‌లు వదిలి ఇనుముని పట్టి లోపలికి లాక్కుంటాయి. సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్‌కి ఇనుముని పట్టే కాటెకాల్ భాగం తగిలిస్తే బ్యాక్టీరియానే దాన్ని లోపలికి మోసుకెళ్తుంది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. వేరే దారి మూసుకుపోయిన రోగుల్లో అది పనిచేయడం చూస్తే కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

కానీ బ్యాక్టీరియా ఊరుకోదు. ఇనుము రిసెప్టర్లలో మ్యుటేషన్లు వచ్చి ఆ తలుపు కూడా మూసుకుంటున్న స్ట్రెయిన్లు కనిపిస్తున్నాయి.

ఇంకో మాట, పనంతా లోపలికి చేరడం దగ్గరే ఆగుతోందంటే నేను పూర్తిగా ఒప్పుకోను. ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి తెలుసు కదా. 2018 జూన్‌లో అనుమతి వచ్చింది, 2019 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అకోజెన్ దివాలా తీసింది. మాలిక్యూల్ దొరికింది, లోపలికి వెళ్లింది, రోగిలో పనిచేసింది, అయినా కంపెనీ నిలవలేదు. కొత్త యాంటీబయాటిక్‌ని మేం పొదుపుగా వాడాలి, వాడకపోతే అమ్మకాలు ఉండవు. 2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ అంచనా. ఇంత అవసరం ఉన్నా బజారు నడవడం లేదు.

బెంజీన్‌రింగు
డాక్టర్ గారూ, మీ మాట కాదనను. కానీ డబ్బు సమస్య అనుమతి దాకా వచ్చిన మందులకి వస్తుంది. అంతదాకా రాకుండా పోయేవి లెక్కలేనన్ని. ఎమ్మెస్సీ గారు బెంచ్ దగ్గర ఏం చేయాలో అడుగుతున్నారు, బెంచ్ దగ్గర మార్చగలిగింది చేరిక ఒక్కటే.

పెట్రీడిష్
లోపలికి వెళ్లడం అంత కష్టమైతే బయటే కొట్టొచ్చు కదా. డారోబాక్టిన్ అనే యాంటీబయాటిక్, 2019, నెమటోడ్ పురుగుల్లో బతికే ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. బయటి పొరలోనే ఉండే బామ్-ఏ ప్రొటీన్‌కి అతుక్కుంటుంది, లోపలి పొర జోలికి వెళ్లక్కర్లేదు.

జోసురాబాల్పిన్ కూడా చూడండి, నేచర్‌లో 2024 జనవరి. దాదాపు 45 వేల మాక్రోసైక్లిక్ (పెద్ద ఉంగరంలా ముడిపడిన) పెప్టైడ్లని స్క్రీన్ చేసి మొదటి హిట్ పట్టుకున్నారు. లిపోపాలీశాకరైడ్‌ని బయటి పొరకి మోసే ట్రాన్స్‌పోర్టర్‌ని, అది సరుకు మోస్తుండగానే పట్టి బిగించేస్తుంది. కార్బపెనెమ్‌లు అనే బలమైన యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగని అసినెటోబ్యాక్టర్ మీద పనిచేసింది. నాకు నచ్చింది మధ్యలో జరిగింది. తొలి కాంపౌండ్లు బ్యాక్టీరియాని బాగానే చంపాయి, కానీ ప్లాస్మాలో లిపోప్రొటీన్లతో కలిసి ఇబ్బంది పెట్టాయి. ఛార్జ్‌లు మార్చి, పాజిటివ్, నెగటివ్ రెండూ ఉండేలా చేశాక ఆ బాధ తగ్గింది. అంటే బ్యాక్టీరియా గోడ కంటే ముందు రక్తమే ఒక గోడ. మేం రొటీన్‌గా సీరం కలిపి ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదల ఆపడానికి కావాల్సిన కనీస మోతాదు) మళ్లీ చూసేది ఇందుకే.

కోడ్‌గణితం
పెట్రీడిష్ గారూ, ఆ సీరం డేటా, కణంలో చేరిక డేటా ఎక్కడైనా ఒకచోట, ఒకే ప్రొటోకాల్‌తో, నెగటివ్ ఫలితాలతో సహా ఉంటే ఎంత బాగుంటుంది. పనిచేయని కాంపౌండ్ల డేటా లేకుండా మోడల్‌కి ఏం నేర్పాలి? పేపర్లలో గెలిచినవే వేస్తారు. నేను ఈ చర్చలోంచి పట్టుకెళ్లేది ఇదే, బెంజీన్‌రింగు గారు చెప్పినట్టు కొలతలు ముందు కావాలి.

ఎమ్మెస్సీ_రెండోఏడు
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. నాకు సింథసిస్ ఇష్టం, బ్యాక్టీరియాతో పనిచేయడమంటే భయం లేదు. చేరికని కొలిచే గ్రూపు కోసం వెతుకుతాను. గైడ్‌ని ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

పెట్రీడిష్
మూడు అడగండి. కణంలో చేరికని ఎల్‌సీ-ఎంఎస్‌తో (మాలిక్యూల్స్‌ని విడదీసి మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచే పద్ధతి) ఎవరు కొలుస్తారు, అదే ల్యాబా, బయటికి పంపిస్తారా? బయటికి పంపితే ఒక్కో ఫలితానికి వారాలు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఐసోలేట్లు, అంటే రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా, వాడతారా, ల్యాబ్ స్ట్రెయిన్లేనా? పనిచేయని కాంపౌండ్లని థీసిస్‌లో పెట్టనిస్తారా? మూడోదానికి జవాబు చెప్పేటప్పుడు గైడ్ ముఖం చూడండి, మీకే తెలుస్తుంది.

బెంజీన్‌రింగు
నాలుగోది నేను కలుపుతున్నాను: మెథడ్స్‌లో సిలికాన్ ఆయిల్ మీదుగా సెంట్రిఫ్యూజ్ చేస్తారా అని అడగండి. బ్యాక్టీరియా పైన అతుక్కున్న మందుని లోపల ఉన్నట్టు లెక్కేయకుండా ఉండటానికి హెర్గెన్‌రోథర్ వాళ్లు అలా చేశారు. ఎందుకు అడుగుతున్నావని గైడ్ తిరిగి అడగకపోతే, ఆ ల్యాబులో ఈ పని నిజంగా జరుగుతోందన్నమాట.